పాత జీపు: దాని మరమ్మతుల చరిత్ర

మోటారు వాహనాల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా వాటిని కనిపెట్టినవారి పేర్లు, తయారుచేసిన కర్మాగారాల పేర్లు చెప్పి ఊరుకుంటారు. కర్మాగారపు ద్వారం దాటిన తరువాత ఆ బండికి ఏమి జరిగినదో చెప్పే పుస్తకాలు అరుదు. బండి కర్మాగారంలో ఉండేది కొద్ది రోజులు మాత్రమే. మనుషుల చేతులలో అది నలభై, యాభై ఏండ్లు కూడా ఉండవచ్చు. అన్ని ఏండ్లు దానిని విప్పి, అరిగినదానిని మార్చి, తమ నేలకు తగినట్లు సవరించి మళ్ళీ నడిపించినవారికి కూడా యంత్రవిజ్ఞాన చరిత్రలో చోటు ఉండాలి. మన ప్రాంతంలో ఈ దృష్టితో చూడదగిన వాహనాలలో మొదటిది జీపు.

వరంగల్లు ప్రాంతంలో ఎర్రని చెలకలూ ఉన్నవి, నల్లని రేగడి భూములూ ఉన్నవి. ఎండకాలంలో రాయిలాగ గట్టిపడే రేగడి, నాలుగు వానలు పడగానే చక్రాన్ని పట్టుకొని వదలదు. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు అడవి దారులలో వాగులు అడుగడుగునా అడ్డుపడతవి. వంతెనలు, తారు రోడ్లు విరివిగా లేని రోజులలో వానాకాలం ఈ దారుల మీద ఎడ్లబండి తరువాత నమ్మదగిన బండి జీపే. (ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉన్న ఈ ప్రదేశాలు 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నవి.)

జీపు పుట్టుక కథ చాలామందికి తెలిసినదే గనుక క్లుప్తంగా చెప్పుకుందాం. 1940 జూలైలో అమెరికా సైన్యం నాలుగు చక్రాలకూ శక్తి అందే తేలికపాటి బండి కావాలని 135 కంపెనీలను అడిగినది. గడువు 49 రోజులే! బ్యాంటమ్ అనే చిన్న కంపెనీ తరఫున కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు నమూనా గీయగా, ఆ బండి 1940 సెప్టెంబరు 23న సైన్యం ముందుకు వచ్చినది. పెద్ద ఎత్తున తయారుచేసే పని మాత్రం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు దక్కినది. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేసినవి. ఒక కంపెనీ బండి భాగం మరొక కంపెనీ బండికి సరిపోవలెనని సైన్యం పట్టుబట్టినది. యుద్ధభూమిలో పాడైన రెండు బండ్ల నుండి మంచి భాగాలు తీసి ఒక బండిని నడిపించుకోవటం వారి ఉద్దేశ్యం. దశాబ్దాల తరువాత మన పల్లెలలోని మెకానిక్కుకు ఈ నియమమే గొప్ప ఉపకారం చేసినది.

ఈ బండి బురదలో ఎట్లా నడుస్తుందో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చు. సైనిక జీపు బరువు సుమారు 1,100 కిలోలు. బరువు ముందు, వెనుక ఇరుసుల మీద సమానంగా ఉన్నదనుకుందాం. తడిసిన నేల మీద ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. వెనుక చక్రాలు మాత్రమే తిరిగితే బండిని ముందుకు నెట్టగల బలం 550లో 0.3 వంతు, అంటే 165 కిలోలు. నాలుగు చక్రాలూ తిరిగితే 330 కిలోలు. ఇంజను మారలేదు, నేల మారలేదు. పట్టు మాత్రం రెట్టింపయినది.

ఇంజను బలం చాలుతుందా అన్నది తరువాతి ప్రశ్న. గేర్‌బాక్సు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరొక పళ్ళచక్రాల పెట్టె ఉంటుంది. ముందు ఇరుసుకు శక్తిని పంచేది ఇదే. అవసరమైనప్పుడు వేగాన్ని ఇంకొకసారి తగ్గించేదీ ఇదే. సైనిక జీపులో మొదటి గేరు నిష్పత్తి 2.665, ట్రాన్స్‌ఫర్ కేసు తగ్గింపు 1.97, ఇరుసులోని క్రౌన్ పినియన్ నిష్పత్తి 4.88. మూడింటినీ గుణిస్తే సుమారు 25.6 వస్తుంది. ఇంజను 25.6 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందన్నమాట. ఇంజను మెలిత్రిప్పు బలం గరిష్ఠంగా సుమారు 14.5 కిలోగ్రాం మీటర్లు. దీనిని 25.6తో గుణించి చక్రపు వ్యాసార్ధమైన 0.36 మీటరుతో భాగిస్తే, గేర్లలో పోయే నష్టాలు విడిచిపెట్టితే, 1,030 కిలోల బలం వస్తుంది. ఇది దాదాపు బండి బరువంత. అందుచేత జీపు బురదలో ఆగిపోయినదంటే చాలనిది ఇంజను కాదు, నేల పట్టు. బలం కోసం ఇంకా పెద్ద ఇంజను వేయించాలని కొందరు పడే ఆరాటంలో ఎంత అర్థమున్నదో పాఠకులే ఆలోచించవచ్చు.

యుద్ధం ముగిసిన తరువాత మిత్రసైన్యాలు భారతదేశంలో వదిలిన వాహనాలను మిగులు సరుకుగా అమ్మివేసినారు. ‘డిస్పోజల్ బండ్లు’ అనే మాట అట్లా వచ్చినది. ఎడమవైపు స్టీరింగు, ఆరు వోల్టుల బ్యాటరీ, డ్రైవరు సీటు క్రింద పెట్రోలు ట్యాంకు వీటి గుర్తులు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంలోకి వచ్చిన భారత సైన్యం వెంట కూడా జీపులు వచ్చినవి. బొంబాయిలో మహీంద్రా కంపెనీ విల్లీస్ వారి విడిభాగాలు తెప్పించి బిగించటం ప్రారంభించి, 1954 ఒప్పందం తరువాత క్రమంగా ఆ భాగాలను ఇక్కడనే తయారుచేయసాగినది. అమెరికాలో 1953లో వెలువడిన సి.జె.-3బి అనే నమూనాను అక్కడ 1968లోనే ఆపివేసినా, దాని సంతతి మన దేశంలో ఎన్నో దశాబ్దాలు కొనసాగినది. ఎత్తైన బానెట్టును బట్టి ఆ బండిని ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. ఆ ఎత్తు అందం కోసం పెట్టినది కాదు. పాత ఇంజనులో రెండు రకాల కవాటాలూ సిలిండర్ల ప్రక్కన ఉండేవి. కొత్త ఇంజనులో గాలి లోపలికి వచ్చే కవాటాన్ని సిలిండరు నెత్తిమీదికి మార్చినారు. అశ్వశక్తి 60 నుండి 70 దాటినది. ఇంజను ఎత్తు పెరిగినది. దానిని మూయటానికి బానెట్టును పైకి లేపవలసి వచ్చినది.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైన తరువాత ‘బ్లాకు జీపు’ పల్లెలకు ప్రభుత్వ చిహ్నమైనది. మలేరియా నియంత్రణ సిబ్బంది, అటవీశాఖవారు, పోలీసులు జీపులలోనే వచ్చేవారు. ఈ బండ్లు పాతబడి పనికిరానివని తేలగానే వేలానికి వచ్చేవి. వేలంలో కొన్నవాడు కంపెనీ మెకానిక్కు కోసం పట్నానికి పోలేడు. పోయినా ఆ ఖర్చు భరించలేడు. ఇంటి మరమ్మతుల చరిత్ర ఇక్కడ మొదలవుతుంది.

వేపచెట్టు బలమైన కొమ్మకు చెయిన్ కప్పీ వేలాడదీసి ఇంజనును పైకి లేపటం, అనువైన కొమ్మ లేనిచోట మూడు దుంగలు ముక్కాలిలాగ నిలబెట్టటం, గేర్‌బాక్సు పళ్ళెములను, బేరింగులను కిరసనాయిలు పోసిన తాంబాళంలో కడగటం, విప్పిన వరుసలోనే భాగాలను గోనెపట్టా మీద పేర్చటం మోటారు పని చూసినవారికి కొత్త కాదు. ఇంట్లో కానిది సిలిండరుకు బోరు కొట్టించటం. దానికి మాత్రం వరంగల్లు, హనుమకొండలలోని లేతు కార్ఖానాకు ఇంజను దిమ్మెను మోసుకుపోవలసిందే. అరిగిన సిలిండరు గుండ్రదనం పోయి కోలగా తయారవుతుంది. దానిని మళ్ళీ గుండ్రంగా తొలిచి కొంచెం పెద్ద పిస్టను వేస్తారు. ఇరవై సైజు, ముప్పై సైజు, నలభై సైజు అని మెకానిక్కులు చెప్పే అంకెలు అంగుళంలో వెయ్యోవంతులు. ముప్పై సైజు పిస్టను అసలు పిస్టను కంటె 0.030 అంగుళం లావు. బడి ముఖం సరిగా చూడని ఎందరో పనివాండ్లు ఈ సూక్ష్మమైన కొలతలను ప్రతిరోజూ వాడినారు.

కొలతల మాట వచ్చినది కనుక, మెకానిక్కు పానాల పెట్టెలో దాగి ఉన్న చరిత్రను కొంచెం వివరంగా చూద్దాం. నిజాం రైల్వే వారు 1932లో హైదరాబాదు సంస్థానంలో 27 బస్సులతో ప్రయాణికుల రవాణా ప్రారంభించినారు. ఆ ఆల్బియన్ బస్సులు స్కాట్లండులో తయారైనవి. బ్రిటిషు బండి అంటే విట్‌వర్త్ మరలు. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆంగ్ల ఇంజనీరు 1841లో ప్రతిపాదించిన ఈ మర పంటి కోణం 55 డిగ్రీలు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో ప్రతిపాదించిన మర కోణం 60 డిగ్రీలు. అర అంగుళం ముతక మర బోల్టును తీసుకుంటే, బ్రిటిషు బోల్టులో అంగుళానికి 12 చుట్లు, అమెరికా బోల్టులో 13 చుట్లు. చూపుకు రెండూ ఒకటే. ఒకదాని నట్టు రెండవదానికి ఎక్కిస్తే ఒకటి రెండు చుట్లు హాయిగా తిరిగి బిగుసుకుంటుంది. సరిగా బిగిసినదనుకొని బలవంతంగా తిప్పితే మర చెడిపోతుంది. బిగింపు నిలవదు.

ఈ భేదం వలన రెండవ ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల సైన్యాలు పడిన బాధ ఇంతా అంతా కాదు. ఒకరి ట్యాంకుకు మరొకరి బోల్టు పనికిరాదు. చివరకు 1948 నవంబరు 18న బ్రిటన్, అమెరికా, కెనడాలు ఏకీకృత మర ప్రమాణాన్ని అంగీకరించినవి. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతల వైపు మళ్ళినది. అయితే చట్టం మారినంత మాత్రాన ఇదివరకే రోడ్ల మీద ఉన్న బండ్ల బోల్టులు మారవు కదా! కాబట్టి మన మెకానిక్కు పెట్టెలో బ్రిటిషు పానాలు, అమెరికా అంగుళం పానాలు, మిల్లీమీటరు పానాలు మూడు కుటుంబాలుగా కాపురం చేసినవి. 19 మిల్లీమీటర్ల పానా ముప్పావు అంగుళం తలకు చక్కగా పడుతుంది. వాటి తేడా 0.05 మిల్లీమీటరే. 13 మిల్లీమీటర్ల పానా అర అంగుళం తలకు 0.3 మిల్లీమీటరు వదులుగా ఉండి అంచులను గుండ్రం చేస్తుంది. ఏది దేనికి పడుతుందో, ఏది పడినట్లు కనిపించి మోసం చేస్తుందో పుస్తకం చూసి నేర్చుకున్నవారు తక్కువ, చేయి జారి వ్రేళ్ళకు దెబ్బ తగిలించుకొని నేర్చుకున్నవారు ఎక్కువ.

పెట్రోలు ధరలు పెరిగిన తరువాత జీపు చరిత్రలో పెద్ద మలుపు వచ్చినది. అది డీజిలు. మహీంద్రా కంపెనీయే ట్రాక్టరు ఇంజను ఆధారంగా రూపొందిన 2,350 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజనును జీపుకు అమర్చినది. 1979లో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీతో మరొక ఇంజను కోసం ఒప్పందం చేసుకున్నది. ఆ రెండవ ఇంజను పేరు ఎక్స్.డి.పి. 4.90. సిలిండర్లు నాలుగు, ఒక్కొక్కదాని వ్యాసం 90 మిల్లీమీటర్లు. పేరులోనే కొలత ఉన్నది. ఈ ఇంజనుతో మిల్లీమీటరు బోల్టులు జీపులోకి వచ్చినవి. అమెరికా అంగుళాల చట్రంలో ఫ్రెంచి మిల్లీమీటర్ల ఇంజను!

పాత పెట్రోలు బండ్ల యజమానులు కూడా పాత సామాను దుకాణాలలో దొరికిన డీజిలు ఇంజనులను వేయించుకోసాగినారు. ఇంజను వెనుక భాగానికి, జీపు గేర్‌బాక్సుకు బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో ఒక మందపాటి ఇనుప పలక పెట్టి ఒకవైపు ఇంజను రంధ్రాలు, మరొకవైపు గేర్‌బాక్సు రంధ్రాలు తొలుస్తారు. ఈ పనిలో కీలకం రంధ్రాలు కాదు, రెండు అక్షాలు ఒకే గీతలో ఉండటం. వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినా క్లచ్ పలక, గేర్‌బాక్సు ముందు బేరింగు త్వరలోనే పాడవుతవి.

అసలు చిక్కు వేగంతో వస్తుంది. పెట్రోలు ఇంజను నిమిషానికి 4,000 చుట్ల వరకు తిరుగుతుంది. ట్రాక్టరుకు అమర్చిన స్థితిలో ఉన్న డీజిలు ఇంజనును గవర్నరు సుమారు 2,000 చుట్ల దగ్గర ఆపుతుంది. జీపు ఇరుసు నిష్పత్తి 5.38, చక్రం ఒక చుట్టుకు బండి పోయే దూరం 2.25 మీటర్లు అనుకుంటే, నేరు గేరులో 2,000 చుట్లకు వచ్చే వేగం గంటకు 50 కిలోమీటర్లు మాత్రమే. ఇది చాలదని క్రౌన్ పినియన్ మార్పిస్తారు. 5.38 అంటే క్రౌనుకు 43 పళ్ళు, పినియన్‌కు 8. 4.88 అంటే 39 పళ్ళు, 8 పళ్ళు. ఈ మార్పుతో వేగం 55 కిలోమీటర్లకు పెరుగుతుంది.

ఖర్చు తగ్గుతుందని కొందరు వెనుక ఇరుసు మాత్రమే మార్పించి ముందుదానిని వదిలివేస్తారు. వెనుక చక్రాలతో నడిచినంతకాలం ఏ బాధా కనిపించదు. బురదలో ఫోర్ వీల్ గేరు వేయగానే రెండు ఇరుసులకూ పోయే కడ్డీలు ఒకే వేగంతో తిరుగుతవి. కాని వెనుక చక్రాలు 100 చుట్లు తిరిగేసరికి ముందు చక్రాలు 91 చుట్లు కూడా పూర్తిచేయలేవు. జారే నేలలో ఆ తేడాను చక్రాలు జారి సర్దుకుంటవి. గట్టినేల మీద జారటానికి వీలులేక ఆ మెలిక అంతా గేర్ల మీద, కీళ్ళ మీద పడి, వాటిలో బలహీనమైనది విరుగుతుంది. ఇరుసులు సమానంగా ఉన్న జీపును కూడా తారు రోడ్డు మీద నాలుగు చక్రాలతో నడపరాదనటానికి కారణం ఇటువంటిదే. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటి కంటె ఎక్కువ దూరం పోవలెను; ఆ తేడాను సర్దే ఏర్పాటు రెండు ఇరుసుల మధ్య ఈ జీపులో లేదు.

ఇంతకంటె ముఖ్యమైనవి బ్రేకులు. పాత జీపు బ్రేకు డ్రమ్ము వ్యాసం 9 అంగుళాలు. నాలుగు చక్రాలకూ నూనెను పంపే గొట్టాల వరుస ఒక్కటే. ఎక్కడ చిల్లు పడినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతవి. ఈ డ్రమ్ములు తేలిక ఇంజనుకు, ఆనాటి రోడ్ల వేగానికి సరిపడేటట్లు చేసినవి. బండి గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని ఉన్నత పాఠశాల విద్యార్థులు చదువుకొనే ఉంటారు. 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని ఆపటానికి ఎంత శక్తిని వేడిగా మార్చవలెనో, 80 కిలోమీటర్ల వేగానికి దానికి రెండున్నర రెట్లకు పైగా మార్చవలెను. డీజిలు ఇంజను బరువు, ఆపైన ఎనిమిది మందికి చాలే బండిలో ఇరవై మంది ప్రయాణికులు! 1990ల నాటికి మన పల్లె దారులలో జీపులు ఇట్లా నిండి పోవటం నిత్యదృశ్యం. బండిని పోయేటట్లు చేసే మార్పులకు డబ్బు దొరికేది, ఆగేటట్లు చేసే మార్పులకు దొరకకపోయేది. ఈ చరిత్రలో నన్ను బాధపెట్టే భాగం ఇదే.

వాగులు దాటటంలో మాత్రం డీజిలు మార్పు నిజంగా మేలు చేసినది. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. నీళ్ళలో దిగినప్పుడు ఫ్యాను నీళ్ళను చిమ్మి డిస్ట్రిబ్యూటరును తడిపితే ఇంజను వాగు నడుమ ఆగిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు లోతైన నీటిలో దిగేముందు ఫ్యాను బెల్టు విప్పేవారు. డీజిలుకు రవ్వతో పనిలేదు. సిలిండరులో నొక్కబడిన గాలి వేడికే ఇంధనం మండుతుంది. కాని గాలి పీల్చే గొట్టం నీటిలో మునిగితే రెండు ఇంజనులకూ ప్రమాదమే. నీరు గాలివలె నొక్కుకుపోదు గనుక పైకి వచ్చే పిస్టను దానిని ఢీకొని కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ఇంకొక సంగతి. దూరం నడిచి వేడెక్కిన ఇరుసు చల్లని వాగులో దిగగానే లోపలి గాలి సంకోచించి, అరిగిన సీళ్ళ సందుల నుండి నీటిని లోపలికి పీలుస్తుంది. మరునాడు ఇరుసు నూనె విప్పి చూస్తే మజ్జిగలాగ ఉంటుంది. ఆ నూనె మార్చకపోతే బేరింగులు తుప్పుపట్టినట్లే.

మన కమ్మరులకూ ఈ కథలో పాత్ర ఉన్నది. బరువైన ఇంజను పెట్టినప్పుడు ముందు కమాను పట్టీలు కుంగుతవి. ఒక పట్టీ అదనంగా వేసి బండిని లేపుతారు. విరిగిన పట్టీ కమ్మరి కొలిమికి చేరి కొడవలిగానో గొడ్డలిగానో మారుతుంది. మేలైన ఉక్కును గుర్తించటం తెలంగాణా కమ్మరులకు ఎవరూ నేర్పవలసిన విద్య కాదు. కోనసముద్రం ఉక్కు పూర్వం పరదేశాలకు ఎగుమతి అయినది. అయినా కొడవలి వేరు, కమాను పట్టీ వేరు. వంపు కోసం పట్టీని ఎర్రగా కాల్చి చల్లారనిస్తే దాని స్ప్రింగు గుణం పోతుంది. తిరిగి నూనెలో ముంచి పదును పెట్టి, మళ్ళీ మితంగా వేడిచేసి పెళుసుదనం తగ్గించవలెను. విరిగిన పట్టీకి వెల్డింగు పెట్టటం అంతకన్న తప్పు. అతుకు నిలిచినా అతుకు ప్రక్కన విరుగుతుంది. స్టీరింగు కడ్డీల విషయంలోనూ ఇదే మాట.

ఇప్పుడు చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. కేరళ నుండి వచ్చిన ఒక వివాదంలో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఈ నియమాన్నే దృఢపరచినది. సొంత వాహనానికి 15 ఏండ్లు నిండిన తరువాత అయిదేసి ఏండ్లకు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి. అప్పుడు బండిని తనిఖీకి తీసుకుపోవాలి. పాత బండ్ల ప్రియులకు ఈ నియమాలు కఠినంగా కనిపిస్తవి. అరిగిన భాగాన్ని అటువంటి భాగంతోనే మార్చటం మరమ్మతు. బండి స్వభావాన్ని మార్చటం వేరు పని. మొదటిదానికి ఏ అడ్డంకీ ఉండరాదని, రెండవదానిలో బ్రేకులు, స్టీరింగు, ఇరుసులు ఎరిగినవారు చూడకుండా బండిని రోడ్డు మీదికి వదలరాదని నా అభిప్రాయం.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో చూపదలచుకుంటే పెద్ద ఖర్చు లేదు. పాత ఇనుప సామాను దుకాణంలో బ్రిటిషు బండిది ఒకటి, జీపుది ఒకటి అర అంగుళం ముతక మర బోల్టులు, వాటి నట్లతో సహా అడిగి తీసుకోండి. ప్రక్కన స్కేలు పెట్టి, ఒక అంగుళం పొడవులో ఎన్ని చుట్లు ఉన్నవో పిల్లల చేత లెక్కపెట్టించండి. ఒకదానిలో 12, మరొకదానిలో 13 వస్తవి. తరువాత ఒకదాని నట్టును రెండవదానికి చేతితోనే, పానా వాడకుండా, ఎక్కించి చూడమనండి.